ఒత్తైన రఫ్‌లో బాల్ పడిందా? ఛాంపియన్‌షిప్ గోల్ఫ్ కోర్సులో తక్కువ నష్టంతో బయటపడటం ఎలా: సమగ్ర మార్గదర్శి

ఒక పెద్ద గోల్ఫ్ టోర్నమెంట్ కోసం రఫ్ (ఫెయిర్‌వే పక్కన ఉండే పొడుగు గడ్డి) పెంచిన కోర్సులో ఆడే ఛాన్స్ వచ్చింది నాకు ఒకసారి, టోర్నమెంట్ అయిపోయిన వారానికే, గడ్డి ఇంకా కొయ్యలేదు. నాలుగో హోల్, పార్ 4 (నాలుగు షాట్లలో ముగించాల్సింది), డ్రైవ్ ఫెయిర్‌వేకి (పొట్టిగా కోసిన దారికి) కుడివైపు పదడుగులు పక్కకి పోయింది, అంతే. దగ్గరికెళ్ళి చూస్తే గడ్డి అడుగున తెల్లటి చుక్క ఒకటి కనిపిస్తోంది. గ్రీన్‌కి (హోల్ ఉండే నున్నటి గడ్డికి) ఇంకా 170 యార్డ్‌లు ఉంది కదా అని హైబ్రిడ్ (వుడ్‌కీ ఐరన్‌కీ మధ్య రకం క్లబ్) తీశా. బాల్ నాలుగడుగులు ముందుకెళ్ళి ఇంకా లోతుకి దిగింది. కోపం వచ్చింది, మళ్ళీ అదే హైబ్రిడ్. మొత్తానికి ఆ హోల్‌కి 9 రాసుకున్నా. నాతో ఆడుతున్న పెద్దాయన అప్పుడేమీ అనలేదు గానీ తర్వాతి టీ (హోల్ మొదలుపెట్టే చోటు) దగ్గర "మొదటిది డ్రైవర్ తప్పు బాబూ, రెండోది నీ తప్పు, మూడోది నీ పంతం" అని మెల్లగా గడ్డి పెట్టాడు.

ఆ రోజు నుంచి రఫ్ గురించి కొంచెం బుర్ర పెట్టి నేర్చుకున్నదంతా ఇక్కడ రాస్తున్నా. ఇందులో స్వింగ్ సంగతి సగమే, మిగతా సగం ఆశని అదుపులో పెట్టుకోవడం. కుడిచేతి వాటం లెక్కలో చెప్తున్నా, ఎడమచేతి వాళ్ళు తిప్పి చదువుకోండి.

ముందు గడ్డి ఏం చేస్తుందో తెలియాలి

మామూలు కోర్సులో రఫ్ రెండంగుళాలు, మహా అయితే రెండున్నర. దాంట్లో మనం ఏ క్లబ్‌తో కొట్టినా ఏదో ఒకటి అవుతుంది. యూఎస్ ఓపెన్ లాంటి వాటికి అది నాలుగు, ఐదంగుళాలకి పోతుంది. 2025లో ఓక్‌మాంట్‌లో జరిగిన యూఎస్ ఓపెన్‌లో రఫ్ ఐదంగుళాల దాకా ఉంది, నాలుగు రౌండ్లు అయ్యేసరికి పార్ కంటే తక్కువలో ఉన్నది గెలిచిన జే.జే. స్పాన్ ఒక్కడే, అదీ 1 అండర్. ప్రపంచంలో బెస్ట్ ప్లేయర్లు కూడా అక్కడ వెడ్జ్ (ఫేస్ బాగా వాలి ఉండే పొట్టి క్లబ్) తీసి బాల్‌ని పక్కకి నెట్టుకోవడం టీవీలో చూసే ఉంటారు.

గడ్డి చేసే పని మూడు రకాలు. ఒకటి, క్లబ్ హెడ్ స్పీడ్ తినేస్తుంది, ఇది అందరికీ తెలిసిందే. రెండోది, హోసెల్ ఉంది చూశారా, షాఫ్ట్ వచ్చి హెడ్‌లో కలిసే మెడ, గడ్డిపోచలు దాని చుట్టూ చుట్టుకుని ఆ వైపు పట్టి ఆపేస్తాయి, టో (హెడ్ అవతలి చివర) మాత్రం ముందుకి తిరిగిపోతుంది. అంటే ఫేస్ (బాల్‌కి తగిలే పలక) మూసుకుపోయి బాల్ లోగా, ఎడమకి పోతుంది. చాలామంది "పుల్ చేశా" అనుకుంటారు, చేసింది వాళ్ళు కాదు, గడ్డి. మూడోది, ఫేస్‌కీ బాల్‌కీ మధ్య గడ్డి, దాని తడి ఇరుక్కుంటే గ్రూవ్స్‌కి (ఫేస్ మీద చెక్కిన గీతలకి) పట్టు దొరకదు, స్పిన్ పడిపోతుంది. అప్పుడు బాల్ అనుకున్న దానికంటే ఎక్కువ దూరం పోయి గ్రీన్ మీద ఆగకుండా అవతలికి జారిపోతుంది, దీన్నే ఫ్లయర్ అంటారు. 2010 నుంచి ప్రో టోర్నమెంట్లలో గ్రూవ్స్ సైజు, అంచుల పదును తగ్గిస్తూ రూల్ తెచ్చింది కూడా ఇందుకే, రఫ్‌లోంచి స్పిన్ ఈజీగా రాకూడదని, ఫెయిర్‌వేలో కొట్టినవాడికి విలువ ఉండాలని.

స్టెప్ 1: అసలు అందులోకి పోకుండా చూసుకోవడం

అడుసు తొక్కనేల కాలు కడగనేల అన్నట్టు, టీ దగ్గరే సగం పని అయిపోవాలి. ప్రాక్టీస్ రౌండ్‌లో గానీ, ఆడుతూ గానీ ప్రతి హోల్‌కి ఒక్కటే చూసుకోండి: ఏ వైపు రఫ్ తక్కువ నష్టం? ఒకవైపు గడ్డి ఉన్నా గ్రీన్ తెరుచుకుని కనిపిస్తుంది, ఇంకోవైపు గడ్డితో పాటు ముందు బంకర్ (ఇసుక గుంట) అడ్డం ఉంటుంది. రెండూ రఫ్పే గానీ రెండూ ఒకటి కాదు.

డ్రైవర్ పక్కన పెట్టి 3 వుడ్ కొట్టాలా అంటే, నా అభిప్రాయం, మీ 3 వుడ్ నిజంగా డ్రైవర్ కంటే సూటిగా పోతేనే. చాలామందికి పోదు, 20 యార్డ్‌లు వెనక అదే రఫ్‌లో పడుతుంది. ఇక్కడ కొందరు బ్రైసన్ డీషాంబో పేరు ఎత్తుతారు. నిజమే, 2020లో వింగ్డ్ ఫుట్‌లో 56 ఫెయిర్‌వేలలో 23 మాత్రమే పట్టుకుని 6 అండర్‌తో యూఎస్ ఓపెన్ గెలిచాడు. కానీ ఆయన అంత దూరం కొట్టి రఫ్‌లో పడితే చేతిలోకి వచ్చేది వెడ్జో 9 ఐరనో, పైగా ఆ స్పీడ్‌కి గడ్డి తెగుతుంది. మనం రఫ్‌లో పడితే మిగిలేది 170 యార్డ్‌లు. ఆయన ప్లాన్ మనకి అరువు దొరకదు.

ఇంకో సంగతి. 2006లో అదే వింగ్డ్ ఫుట్‌లో యూఎస్‌జీఏ (అమెరికా గోల్ఫ్ సంఘం) వాళ్ళు మెట్లు మెట్లుగా పెరిగే రఫ్ మొదలుపెట్టారు, ఫెయిర్‌వే పక్కన పొట్టిగా, దూరం పోయే కొద్దీ పొడుగ్గా. కొంచెం తప్పితే కొంచెం శిక్ష, బాగా తప్పితే గట్టి శిక్ష. పెద్ద టోర్నమెంట్లలో మరీ దూరంగా కొట్టినవాళ్ళకి జనం తొక్కి చదును చేసిన చోటు దొరికి లక్కు కలిసొస్తుంది, మన రౌండ్‌కి జనం ఎవరూ రారు కాబట్టి ఆ ఆశ పెట్టుకోకండి.

స్టెప్ 2: బాల్ దొరకాలి కదా

కొట్టగానే తల దించుకుని తిట్టుకోవడం ఆపి బాల్ ఎక్కడ దిగిందో చూడండి. వెనక ఉన్న చెట్టో, స్ప్రింక్లరో, బంకర్ మూలో ఏదో ఒక గుర్తు పట్టుకుని దాని లైన్‌లో నడవండి. వెతకడానికి టైమ్ 3 నిమిషాలే, 2019కి ముందు 5 ఉండేది. డౌట్ ఉంటే టీ దగ్గరే "ప్రొవిజనల్ కొడుతున్నా" అని గట్టిగా చెప్పి, మొదటిది దొరక్కపోతే పనికొచ్చేలా ఇంకోటి కొట్టేయండి, చెప్పకుండా కొడితే అదే ఆటలో ఉన్న బాల్ అయిపోతుంది, పెనాల్టీతో సహా.

వెతికేటప్పుడు పొరపాటున కాలు తగిలి బాల్ కదిలితే పెనాల్టీ లేదు, ఉన్నచోట మళ్ళీ పెట్టాలి. ఎవరిదో గుర్తుపట్టలేకపోతే మార్క్ చేసి ఎత్తి చూసుకోవచ్చు, గుర్తుపట్టడానికి అవసరమైనంత వరకే తుడవాలి. ఇది బద్ధకించకండి, లోతు గడ్డిలో పాత పోయిన బాల్స్ బోలెడుంటాయి, వేరే బాల్ కొడితే స్ట్రోక్ ప్లేలో 2 స్ట్రోకులు. బాల్ మీద మార్కర్‌తో పెద్ద గుర్తు పెట్టుకోండి.

స్టెప్ 3: లై (బాల్ పడి ఉన్న తీరు) చదవడం, అసలు ఆట ఇక్కడే

గ్రీన్‌కి ఎంత దూరం అని రేంజ్‌ఫైండర్ తీసే ముందు బాల్‌ని చూడండి. నేనిప్పుడు కావాలనే బాల్ చూసేదాకా దూరం చూడను, ఎందుకంటే 150 అని తెలిసిన మరుక్షణం బుర్ర 7 ఐరన్ అంటుంది, ఇక లై ఎంత ఘోరంగా ఉన్నా కళ్ళకి కనపడదు.

నిలబడి పైనుంచి చూసినప్పుడు బాల్ మొత్తం కనిపిస్తోందా, సగమా, ఒక చుక్కేనా? మొత్తం కనిపిస్తూ గడ్డి మీద పీట వేసుకున్నట్టు కూర్చుంటే సంతోషించకండి మరీ, కింద ఖాళీ ఎంత ఉందో చూడండి, క్లబ్ బాల్ కిందనుంచి దూరి పోతే బాల్ లేచి అక్కడే పడుతుంది. దానికి క్లబ్‌ని నేల మీద ఆనించకుండా బాల్ ఎత్తులోనే గాల్లో పట్టుకుని, టీ మీద ఉన్నట్టు ఊడ్చేసినట్టు కొట్టాలి.

సగం కనిపిస్తే, గడ్డి టార్గెట్ వైపు వాలి ఉంటే, అదే ఫ్లయర్ లై. గ్రీన్ ముందు భాగానికి లెక్క వేసి ఒక క్లబ్ తగ్గించండి, వెనక నీళ్ళో లోతు గడ్డో ఉంటే రెండు తగ్గించినా తప్పు లేదు. గడ్డి మీ వైపు, అంటే క్లబ్‌కి ఎదురు వాలి ఉంటే మాత్రం ఆ సగం లై కూడా చెడ్డదే, దాన్ని మునిగిపోయిన దాని కింద లెక్కేసుకోండి.

చుక్క మాత్రమే కనిపిస్తే చర్చ లేదు, వెడ్జ్. హైబ్రిడ్ గుండ్రటి సోల్ (క్లబ్ అడుగు) గడ్డిని కొంత పక్కకి తోస్తుంది కాబట్టి సగం లైలో లాంగ్ ఐరన్ కంటే చాలా నయం, కానీ మునిగిన బాల్‌కి అది కూడా పనికిరాదు (నా 9 సాక్షి). 3 వుడ్ తీయడం అయితే కొరివితో తల గోక్కోవడమే.

గడ్డి రకం కూడా చూడాలి. బ్లూగ్రాస్, రై గడ్డి మెత్తగా పొడుగ్గా ఉంటాయి, పొద్దున్న మంచుకి తడిస్తే తాడులా చుట్టుకుంటాయి, మధ్యాహ్నానికి అదే చోట కొంచెం దయ చూపిస్తాయి. బెర్ముడా పోచలు గట్టివి, బాల్ అడుగుకి జారిపోతుంది, పొట్టిగా కనిపించినా మోసం. కికూయు మరీ దారుణం, లావు కాడలతో క్లబ్‌ని పట్టేసుకుంటుంది. లింక్స్ కోర్సుల్లో ఫెస్క్యూ పైన పల్చగా ఊగుతూ అందంగా ఉంటుంది, అడుగున ఎంత ఒత్తుగా ఉందో కాలితో తెలుసుకోవాలి. బాల్ పక్కన కాకుండా కొంచెం దూరంగా అలాంటి గడ్డిలోనే ఒకట్రెండు ప్రాక్టీస్ స్వింగ్‌లు వేస్తే క్లబ్ ఎంత ఆగుతోందో చేతికి తెలిసిపోతుంది. బాల్ వెనక గడ్డి నొక్కడం, కాలితో తొక్కి సాపు చేయడం మాత్రం రూల్ ప్రకారం తప్పు. తెగిపోయి పడున్న గడ్డి తీసేయొచ్చు, కానీ తీస్తుంటే బాల్ కదిలిందా, 1 స్ట్రోక్ పెనాల్టీ, వెనక్కి పెట్టాలి.

స్టెప్ 4: ఎక్కడికి కొట్టాలో తేల్చుకోవడం

నేను వేసుకునే ప్రశ్న ఇది: ఈ లైలోంచి పది సార్లు కొడితే ఎనిమిది సార్లు ఎక్కడికి పోతుంది? అక్కడికే కొట్టు. ఎప్పుడో ఒకసారి వచ్చే అద్భుతం కోసం కాదు.

1999 బ్రిటిష్ ఓపెన్, స్కాట్లాండ్‌లోని కార్నూస్టీ, జాన్ వాన్ డి వెల్డ్ కథ గోల్ఫ్ ఆడే ప్రతివాళ్ళకీ తెలుసు. చివరి హోల్‌కి 3 షాట్ల ఆధిక్యం, డబుల్ బోగీ (పార్ కంటే 2 ఎక్కువ) 6 చేసినా గెలుపే. డ్రైవర్ కుడికి పోయింది, తర్వాత 2 ఐరన్ గ్రాండ్‌స్టాండ్‌కి తగిలి వెనక్కొచ్చి లోతు రఫ్‌లో పడింది. ఆయన బూట్లు విప్పుకుని బ్యారీ బర్న్ అనే కాలవ నీళ్ళలో దిగిన ఫొటో అందరికీ గుర్తు, కానీ బాల్ ఆ నీళ్ళలోకి ఎలా పోయిందో మర్చిపోతారు: ఆ రఫ్‌లోంచి ముందుకి, కాలవ దాటించాలని కొట్టిన మూడో షాట్‌లో క్లబ్‌ని గడ్డి పట్టేసింది, బాల్ నీళ్ళ దాకానే వెళ్ళింది. చివరికి 7, ప్లేఆఫ్, పాల్ లారీ గెలిచాడు. ఆ మూడో షాట్ పక్కకి కొట్టుంటే అని ఇప్పటికీ అనిపిస్తుంది నాకు.

సరే, పక్కకి కొట్టాలని నిర్ణయించుకున్నాక ఒక మెలిక ఉంది, ఇది చాలా ఆలస్యంగా తెలిసింది నాకు. లోతు గడ్డిలోంచి బాల్ కిందగా, స్పిన్ లేకుండా వస్తుంది, ఫెయిర్‌వేలో పడి దొర్లుతుంది. అడ్డంగా గట్టిగా కొడితే ఫెయిర్‌వే దాటి అవతలి రఫ్‌లో పడ్డా ఆశ్చర్యం లేదు! అందుకే నేరుగా అడ్డంగా కాకుండా కొంచెం ఏటవాలుగా ముందుకి, ఫెయిర్‌వే ఎక్కువ పొడుగు దొరికే లైన్ పట్టుకోండి. ఆ తర్వాత మిగిలే దూరం మీకు నచ్చిన వెడ్జ్ నంబర్ అయితే ఇంకా మంచిది, 90 అంటే ఇష్టమైతే 90కి కొట్టండి, 40 మిగిల్చుకుని చేతులు వణికించుకోవద్దు.

మూడు పోచల మధ్య ఇరుక్కుని కదిలే అవకాశమే లేకపోతే అన్‌ప్లేయబుల్ (ఇక్కడినుంచి ఆడలేనని చెప్పడం) తీసుకోవడం సిగ్గుపడే పని కాదు. 1 స్ట్రోక్ పెనాల్టీతో మూడు దారులు: ముందు కొట్టిన చోటికి వెళ్ళడం, లేదా హోల్‌కీ బాల్‌కీ లైన్ గీసి ఆ లైన్‌లో ఎంత వెనక్కైనా వెళ్ళి డ్రాప్ చేయడం, లేదా బాల్ నుంచి రెండు క్లబ్ పొడుగుల లోపల హోల్‌కి దగ్గర కాకుండా డ్రాప్. డ్రాప్ మోకాలి ఎత్తు నుంచి. రెండు క్లబ్ పొడుగులు వెళ్ళినా అదే గడ్డి అయితే డబ్బిచ్చి అదే జైలు కొనుక్కున్నట్టు, కాబట్టి ముందు కొలిచి చూసుకుని తర్వాతే బాల్ ఎత్తండి. ఇంకోటి, బాల్ సొంత వేగానికి నేలలో దిగబడి ఉంటే, లోకల్ రూల్ ఏదీ అడ్డం లేకపోతే, రఫ్‌లో కూడా ఫ్రీ రిలీఫ్ ఉంది, గడ్డిలో మునగడం వేరు, మట్టిలో దిగబడటం వేరు.

స్టెప్ 5: కొట్టే పద్ధతి

కొడవలితో గడ్డి కోసినట్టు కిందనుంచి అడ్డంగా లాగితే బాల్ వరకు చేరేలోపే క్లబ్ ఆగిపోతుంది. గునపం దించినట్టు పైనుంచి నిటారుగా దిగాలి, అప్పుడు బాల్‌కి ముందు తగిలే గడ్డి తక్కువ. మిగతా సెటప్ అంతా ఈ ఒక్క పని కోసమే.

బాల్ మామూలు కంటే కొంచెం వెనక, మధ్యలోకో ఒక బాల్ అంత వెనక్కో. బరువు ఎడమ కాలి మీద ఎక్కువ, అక్కడే ఉంచాలి. గ్రిప్ ఒక అంగుళం కిందకి పట్టుకోండి, ఎడమచేతి చివరి మూడు వేళ్ళు గట్టిగా, భుజాలు మాత్రం బిగించొద్దు, బిగిస్తే స్పీడ్ చచ్చిపోతుంది. ఫేస్ కొంచెం తెరిచి పెట్టి ఆ తర్వాత గ్రిప్ పట్టుకోండి, గడ్డి దాన్ని మూసేసే సరికి సూటిగా అవుతుంది. ముందు గ్రిప్ పట్టుకుని తర్వాత చేతులు తిప్పి తెరిస్తే స్వింగ్‌లో మళ్ళీ మూసుకుపోతుంది, ఈ చిన్న తేడా చాలామంది పట్టించుకోరు. క్లబ్‌ని బాల్ వెనక గడ్డి మీద బరువుగా ఆనించకండి, బాల్ జారితే పెనాల్టీ మీదే, గాల్లో తేలేసినట్టు పట్టుకోండి.

మణికట్లు తొందరగా మడిచి పైకి తీసుకెళ్ళి, కిందకి కొట్టి, బాల్ దాటాక కూడా వదలకుండా తిరగండి. ఫినిష్ పొట్టిగా అవుతుంది, అది గడ్డి వల్ల, మీరు ఆపకూడదు. లేపాలని మణికట్టు తిప్పడం పెద్ద తప్పు, లేపే పని లాఫ్ట్‌ది (ఫేస్ వాలుది).

2008లో టోరీ పైన్స్‌లో యూఎస్ ఓపెన్ నాలుగో రోజు, 18వ హోల్, టైగర్ వుడ్స్‌కి బర్డీ (పార్ కంటే 1 తక్కువ) కావాలి ప్లేఆఫ్ కోసం, సుమారు 100 యార్డ్‌ల నుంచి కికూయు రఫ్‌లో మూడో షాట్. 56 డిగ్రీల వెడ్జ్ కాకుండా 60 డిగ్రీలది తీసి గట్టిగా కొట్టాడు, బాల్ ఎత్తుగా వచ్చి హోల్‌కి సుమారు 12 అడుగుల్లో ఆగింది. రఫ్‌లోంచి స్పిన్ రాదు కాబట్టి బాల్‌ని ఎత్తుతో ఆపాలి. అంత స్పీడ్ లేకపోయినా మనకి పనికొచ్చే ఆలోచన ఇది: లాఫ్ట్ ఎక్కువున్న క్లబ్, పూర్తి స్వింగ్.

స్టెప్ 6: గ్రీన్ పక్కన

ఇక్కడ భయంతో మెల్లగా కొట్టి బాల్‌ని అడుగు దూరం కదిపేవాళ్ళే ఎక్కువ. బంకర్ షాట్ అనుకోండి. ఫేస్ బాగా తెరిచి, బాల్‌కి ఒక అంగుళం వెనక గడ్డిలోకి బౌన్స్ (వెడ్జ్ అడుగున ఉబ్బెత్తు భాగం) తగిలేలా, బంకర్‌లో ఇసుక కొట్టినంత ధైర్యంగా స్వింగ్ వేయండి. బాల్ మెత్తగా లేచి పడుతుంది, కానీ దొర్లుతుంది, అందుకే హోల్ దగ్గర కాకుండా గ్రీన్ అంచులో పడే చోటు ఒకటి ఎంచుకోండి. గ్రీన్ మీ నుంచి దూరంగా వాలి ఉంటే హోల్ దాటి పది అడుగుల్లో ఆగినా మంచి షాటే, దాన్ని తిట్టుకోవద్దు.

బాల్ అంచు కత్తిరింపుకి ఆనుకుని ఆగితే, అంటే వెనక రఫ్ గోడలా ఉండి ముందు గ్రీన్ ఉంటే, శాండ్ వెడ్జ్‌ని పుటర్‌లా పట్టుకుని ముందు అంచుతో బాల్ నడుముకి తగిలించండి. వింతగా ఉంటుంది, కానీ పని చేస్తుంది. కాసేపు ప్రాక్టీస్ చేస్తే వచ్చేస్తుంది.

ప్రాక్టీస్ ఎంత, ఎలా

రేంజ్ మ్యాట్ మీద ఇవేవీ రావు. కోర్సు ఖాళీగా ఉన్నప్పుడు రఫ్‌లో ఐదారు బాల్స్ భుజం ఎత్తు నుంచి వదిలేయండి, చేత్తో పెట్టొద్దు, పెడితే మన చెయ్యి తెలియకుండానే మంచి లై ఇచ్చేస్తుంది. ఒక్కో బాల్‌కి ముందు ఎక్కడికి వస్తుందో పైకి చెప్పి, తర్వాత కొట్టండి. నేను మొదట్లో చెప్పినవి సగం కూడా నిజం కాలేదు, ఆ తేడా తగ్గడమే నేర్చుకోవడం.

కానీ అతి చేయొద్దు. 2007లో ఓక్‌మాంట్ యూఎస్ ఓపెన్‌కి ముందు అక్కడి రఫ్‌లోంచి ప్రాక్టీస్ చేస్తూ ఫిల్ మికెల్సన్ ఎడమ మణికట్టు దెబ్బతీసుకున్నాడు, ఆ టోర్నమెంట్‌లో కట్ (చివరి రెండు రౌండ్లకి అర్హత స్కోరు) కూడా దాటలేదు. ఆయనకే అలా అయితే వారమంతా కుర్చీలో కూర్చుని ఆదివారం క్లబ్ పట్టుకునే మన మణికట్లు ఎంత? లోతు గడ్డిలోంచి రోజుకి 15, 20 షాట్లు చాలు, చేతిలో ఏ మాత్రం కలుక్కుమన్నా ఆపేయండి. షాట్ షాట్‌కి గ్రూవ్స్‌లో ఇరుక్కున్న గడ్డి టవల్‌తో తుడవండి, తడి టవల్ ఒకటి, పొడిది ఒకటి బ్యాగ్‌కి వేలాడేసుకుంటే సరి.

స్కోర్‌కార్డ్‌లో రఫ్‌లో పడ్డ హోల్ పక్కన చిన్న చుక్క పెట్టుకోవడం నాకు అలవాటైంది, ఆ చుక్క పక్కన 5 ఉంటే పర్లేదు అనుకుంటా, 7 ఉంటే ఇంటికెళ్ళాక ఏ క్లబ్ తీశానో రాసుకుంటా. ఈ మధ్య ఆ చోట హైబ్రిడ్ పేరు రాయాల్సిన అవసరం రాలేదు.